ఇనప పలక మీద కారం

కారప్పొట్లం జేబులో ఉందో లేదో అని అంకయ్య మూడోసారి తడుముకున్నాడు, ఉంది, జపాను వంటలో ఉప్పూకారం ఉండదని మిర్చి యార్డులో ఎవరో అన్నారు, ఎంతైనా గుంటూరు నాలిక, చప్పిడి కూడు దిగదు, ఈ హోటలేమిటో, తలుపు రెక్కంత ఇనప పలక వేడెక్కించి చుట్టూ జనాన్ని కూర్చోబెట్టారు, వంటవాడు అందరి ఎదుటా నిలబడి దానిమీదే వండుతాడట, ఆ వంటవాడు తన కొడుకు, నాగరాజు, నెత్తిన నల్ల టోపీ, రెండు చేతుల్లో రెండు అట్లకాడలు, మిర్చి కమిషన్ కొట్టు వద్దని వంట నేర్చుకోవడానికి పోయినందుకు నాలుగేళ్లుగా తను మాట్లాడని కొడుకు, పక్కనుంచి భార్య మల్లేశ్వరి మోచేత్తో పొడుస్తోంది, ఇయ్యాళన్నా బాగుందిరా అని ఒక్క మాటనండి, వాడు దానికోసమే పిలిచాడు, అంటాలేవే, అనాలనే వచ్చాడు, పంతం మొయ్యలేనంత బరువైంది, దించుకోవాలని అతనికీ ఉంది.

నూనె చిటపటలాడింది, రొయ్యలు ఇటు తిరిగి అటు పడుతున్నాయి, వీడి చేతులకి ఇంత ఒడుపు ఎక్కడిది, ఎప్పుడో వాళ్లమ్మకి జ్వరమొస్తే పదేళ్లవాడు కోడిగుడ్డట్టు వేసి తనకి తెచ్చాడు, ఆడంగి పనులేంట్రా అని తను కంచం పక్కకి నెట్టేశాడు, ఇప్పుడేమో మొదటి రొయ్యలు తనవైపే జరుపుతున్నాడు, తిను నాన్నా అంటున్నాడు, చూస్తే పాలిపోయినట్టున్నాయి, కారం జాడే లేదు, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, పొట్లం విప్పి దులిపాడు, సగం కారం కాలుతున్న పలక మీదే పడింది.

గుప్పున ఘాటు లేచింది, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే దగ్గు, ఎవరి చంటిబిడ్డో గుక్కపట్టింది, మిరప కల్లాల్లో పెరిగిన మల్లేశ్వరే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, మా నాన్నగారండి, పొరపాటున పడింది అని చెప్పి నాగరాజు నీళ్లు పోసి పలక గీకాడు, రొయ్యలన్నీ చెత్తడబ్బాలోకి తోశాడు, కళ్లు ఎర్రబడ్డాయి, ఘాటుకో మరి దేనికో, పర్లేదు నాన్నా, మళ్లీ చేస్తా అన్నాడు తలెత్తకుండా, తిట్టినా బాగుండేది.

బాగుందిరా అందామనుకున్నాడు అంకయ్య, ఏది బాగుందంటాడు, ఖాళీ పొట్లం నలిపి జేబులోకి తోశాడు, ఊరూపేరూ తెలియని రైతు తెచ్చిన మిర్చి బస్తాలోంచైనా ఓ కాయ తుంచి నాలిక్కి తగిలించుకుని గానీ మంచీచెడూ చెప్పని మనిషి తను, నలభై ఏళ్లుగా యార్డులో అదే పేరు, కన్నకొడుకు చేతి వంట మాత్రం ఒక్కసారంటే ఒక్కసారి నోట పెట్టి చూడలేదు, చూడకుండానే పనికిరాదనేశాడు.