వంటింటి ఫోను టింగుమంటే

కొత్త కోడలికి ఆ మోడెం అంటే ముద్దు. అరచేయంత నల్లపెట్టె, దాని ముఖాన వరసగా ఎర్ర దీపాలు. పెళ్లయిన మూడోరోజునే మామగారు దాని ముందు కుర్చీ వేసి, "రా ఇంజనీరమ్మా, మా ఇంటి పెద్దకొడుకుని చూద్దువుగాని" అని పరిచయం చేశారు. ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన చేతులవి. పాత కంప్యూటర్లోకి లినక్స్ సాఫ్ట్‌వేర్ తనే ఎక్కించుకున్నారు. రోజూ నాలుగింటికి ఆ మోడెంతో ఫోన్ లైను మీద ఇంటర్నెట్ కలిపి, తనలాంటి మెకానిక్కులకు ఉత్తరాలు రాసుకునేవారు.

ఆయన పోయి నెల దాటింది. ఈ ఫోన్ లైను ఇంటర్నెట్‌ను కంపెనీ ఇవాళ అయిదింటితో ఎత్తేస్తోంది. ఆయనకు వచ్చి పడివున్న ఉత్తరాలు ఆ తర్వాత ఇక దొరకవు.

"ఒక్కటి కూడా పోకూడదమ్మా" అన్నారు అత్తగారు పొద్దున్నే. ఈ నెలలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మూడున్నరకి కూర్చుంది కోడలు. దీపాలు వెలిగాయి, నంబరు తిరిగింది, అవతలి మోడెం ఎత్తింది, అంతలోనే తెగిపోయింది. కంప్యూటర్ రాసుకున్న లాగ్ తెరిస్తే ఒకటే మాట: లైను పోయింది. కేబుల్ మార్చింది. పోర్టు వేగం తగ్గించింది. మళ్లీ అదే. పాస్‌వర్డ్ దాకా వెళ్తేగా దాన్ని అనుమానించడానికి!

"నీకు ఫస్ట్ క్లాసు ఎవరిచ్చారే బాబూ?" అన్నాడు భర్త గుమ్మానికి ఆనుకుని.

"మీ మొహం చూసి ఇచ్చుంటారు. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వంటింటి వైపు చూసి ఆపుకున్నారు.

నాలుగూ యాభై. సెట్టింగుల ఫైలు వరసగా చదువుతూ ఒకచోట ఆగింది. అక్కడ మోడెం స్పీకరును ఆపేసి ఉంది. ఇదివరకు లైను కలిసేటప్పుడు దాని కూత ఇల్లంతా వినబడేది కదా!

"దీని నోరెవరు మూశారు?"

"నేనే. నాన్న పోయిన వారంలో, ఆయన స్నేహితులకి కబురు చేద్దామని ఒకసారి కలిపాను. ఆ చప్పుడుకి అమ్మ కూలబడిపోయింది. అందుకే."

కోడలు ఇంకోసారి డయల్ చేసింది. మూగ మోడెం వైపే చెవి పెట్టిందేమో, వంటింట్లోంచి ఏదో వినబడింది. టింగ్. టింగ్ టింగ్. నంబరు తిరిగినప్పుడల్లా, అదే లైను మీదున్న అక్కడి పాత ఫోను గంట సన్నగా మోగుతోంది. ఆ టింగులు ఆగాయి. వెంటనే లైను తెగింది.

లేచి వెళ్లింది. పొయ్యి పక్కన రెండు కప్పులు. అత్తగారు కళ్లు మూసుకుని, రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నారు. కోడల్ని చూసి ఉలిక్కిపడి పెట్టేశారు.

"నేనేం మాట్లాడలేదమ్మా. దీంట్లో దాని కూత విన్నానంతే."

రిసీవరు ఎత్తితే చాలు, మోడెం లైను తెగిపోతుందని కోడలికి అప్పుడు తట్టింది.

"ఆ కూత మొదలవగానే టీ పెట్టేదాన్ని. అది ఆగేసరికి మీ మామయ్య వచ్చి ఇదిగో, ఇక్కడ నిలబడేవారు. మాట్లాడకపోతే లైనుకేం కాదనుకున్నాను."

"ఇక్కడినుంచి వద్దు అత్తయ్యా, రండి. దగ్గర కూర్చుని విందురుగాని."

మామగారి కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, స్పీకరు తెరిచి, డయల్ చేసింది. కీచుమంది, బుసకొట్టింది, గులకరాళ్లు దొర్లినట్టు గరగరలాడింది. అర నిమిషం. తర్వాత నిశ్శబ్దం. తెరమీద ఉత్తరాలు ఒక్కటొక్కటే దిగాయి. పదిహేడు.

"అన్నీ వచ్చేశాయమ్మా!" అన్నాడు కొడుకు.

అత్తగారు తెరవైపు చూడలేదు. గుమ్మంవైపు చూస్తున్నారు. "ఆగిపోయిందేం?"

"కలిసింది అత్తయ్యా. కలిశాక ఆగిపోతుంది."

"ఇంకోసారి పెడతావా?"

కోడలు తెంపి, మళ్లీ కలిపింది. అది ఆగాక అడక్కుండానే ఇంకోసారి. ఆ తర్వాత డయల్ చేసేసరికి అయిదు దాటింది. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. చివరికి మోడెమే విసిగి పెట్టేసింది. లైను దీపం ఆరింది.

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లారు. రెండు కప్పుల్లో ఒకదాన్ని తీసుకుని, కడిగినదాన్నే మళ్లీ కడిగి, బోర్లించారు.