సంతకం పెట్టినవాడు

లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి మాట్లాడటం దర్జీకి చేతకాదు. అందుకే ఎనిమిది రోజులుగా అసలు మాట్లాడటమే మానేశాడు. తన వల్ల పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చాక, దాత వీర్యకణాలతోనైనా బిడ్డను కందామని ముందు అన్నది తనే. కాగితం మీద సంతకం పెట్టిందీ తనే. తీరా భార్యకు మూడో నెల వచ్చాక అతని అక్క వచ్చి, "ఎవరి పోలిక వస్తుందో ఏమో తమ్ముడూ" అని ఓ మాట విసిరి వెళ్లింది. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదని వీధంతటికీ తెలుసు. ఆ మాట పట్టుకుని కూర్చోవడం మాత్రం ఇతగాడి తెలివే.

భార్య బస్సు కండక్టరు, ఊరుకునే రకం కాదు.

"స్కానింగ్ ఇవాళే. ఉంచుకుంటానో లేదో డాక్టరుకి ఇవాళే చెప్పాలి," అంది చెప్పులేసుకుంటూ.

"నా రక్తం కాదు కదా... నీ ఇష్టం."

"కనడం, మానడం ఎలాగూ నా ఇష్టమే. అది నువ్వు నాకివ్వక్కర్లేదు. నువ్వు నాన్నవో కాదో నీ నోటితో చెప్పు. నా దారి నేను చూసుకుంటా."

దర్జీ మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచి ఆమె వెంట నడిచాడు.

స్కానింగ్ గదిలో తెర మీద మసకమసగ్గా ఏదో కదిలింది.

"ఆరు సెంటీమీటర్లు," అంది డాక్టరు.

"ఆరు!" అన్నాడు దర్జీ గట్టిగా. కొలత పైకి చదవడం అతనికి ఇరవై ఏళ్ల అలవాటు. సాయంత్రాలు కొట్లో అతను చదువుతుంటే రాసేది భార్యే.

ఆమె పడుకునే ఫక్కున నవ్వింది. "నడుమెంతో కూడా అడగరాదూ!"

అతనికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. తను రమ్మంటేనే కదా ఈ ప్రాణం బయల్దేరింది! రమ్మని పిలిచి, తీరా వచ్చాక తలుపేసుకునేవాడు ఏం మనిషి?

"నాన్నని నేనే," అన్నాడు. "నువ్వు కన్నా, వద్దనుకున్నా నీ పక్కనే ఉంటా."

"కంటాను. నువ్వు కాదన్నా కనేదాన్నే," అంది ఆమె. "రేపు బిడ్డకేం చెప్పాలా అనే నా భయమంతా."

"నేను చెబుతా."

"ఏమని?"

దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. "నా వల్ల కాలేదమ్మా, అందుకే వేరొకరి సాయం తీసుకున్నాం. నిన్ను కావాలనుకున్నది మాత్రం నేనూ మీ అమ్మానే."

"బానే ఉంది," అంది భార్య అతని చెయ్యి పట్టుకుని. "ఇంకోసారి చెప్పు, ఈసారి ఏడవకుండా."