ఆటకే కదా బావా

వెనకనుంచి వీపు మీద దబ్బున దెబ్బ పడింది.

"ఏం బావా, బండి ఇంకా స్టార్టవలేదా?"

తిరిగి చూడకుండానే అతనికి తెలిసిపోయింది. ఈ భూమ్మీద తన వీపు మీద అంత చనువుగా కొట్టే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతికి దూరంగా ఉండటానికే ఇన్ని దేశాలు దాటి వచ్చాడు.

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే చోటు. పిండిన దుప్పట్లు బండ్లలో వస్తాయి. ఇద్దరు పక్కపక్కన నిలబడి, చెరో మూల పట్టుకుని, బిర్రుగా లాగి, కాగుతున్న రోలరుకు అందించాలి. రోలరు లాక్కుంటుంది, ఇస్త్రీ చేసి అవతలికి పంపుతుంది. చెయ్యి బెత్తెడు ముందుకు జరిగితే దాన్నీ లాక్కుంటుంది. అందుకని అక్కడ ఎవరూ ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యరు. ఎంత దగ్గరవాళ్ళైనా సరే, పిలవాలంటే ఎదురుగా వచ్చి నిలబడి పిలుస్తారు.

మేనేజరమ్మ గాజు గదిలోంచి లేచి వచ్చింది. లావుపాటి మనిషి, చిన్న గొంతు.

"ఎందుకు కొట్టాడు నిన్ను?" అని అడిగింది, వాళ్ళ భాషలో.

"చు... చుట్టం. నా భార్య తమ్ముడు."

"చుట్టమైతే కొడతాడా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది పళ్ళన్నీ బయటపెట్టి ఆవిడకు దణ్ణం పెడుతున్నాడు. ఊళ్ళో స్థలాల బ్రోకరు వాడు. నోరే పెట్టుబడి. ముళ్ళకంపల్లోకి తీసుకెళ్ళి, ఇదిగో ఇక్కడ హాలు, ఇక్కడ వంటిల్లు అని చెప్పి, కొనేవాడి చేత తలుపు తీయించగలడు. స్థలాలు అమ్ముడుపోవడం ఆగిపోయాక ఏజెంటును పట్టుకుని ఇక్కడికొచ్చి పడ్డాడు. కొన్నాళ్ళు పని చూసి, నచ్చితే ఉంచుకుంటారు. నచ్చకపోతే తిరుగు విమానమే.

"మీ ఇద్దరిదీ ఒకే భాష. పని నేర్పు" అని మేనేజరమ్మ వాణ్ణి అతని పక్కన నిలబెట్టింది.

అతనికి చిన్నప్పటినుంచీ నత్తి. మొదటి అక్షరం దగ్గర నాలుక మొరాయిస్తుంది. కాస్త ఓపిక పడితే మిగతాదంతా సవ్యంగానే వస్తుంది. ఆ కాస్త ఓపికే సొంత ఊళ్ళో ఎవరి దగ్గరా లేకపోయింది. అతను ఒక అక్షరం పలికేలోపు పక్కవాడు మాట లాక్కుని పూర్తి చేసేవాడు. హోటల్లో "కా..." అనగానే "కారం దోసె ఒకటి" అని కేకేసేవారు. కాఫీ తాగాలని వెళ్ళి దోసె తినొచ్చిన రోజులు ఎన్నో. కాదనాలంటే మళ్ళీ మొదలుపెట్టాలి కదా. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే "న..." అన్నాడు. నచ్చిందని అందరూ కలిసి అనేశారు. జనం అతని మాట సరిగ్గా పూర్తి చేసింది జన్మలో ఆ ఒక్కసారే.

పెళ్ళి భోజనాల్లో నీళ్ళడగబోయి ఆగిపోయాడు. బావమరిది వెనకనుంచి వచ్చి వీపు మీద ఒక్కటిచ్చాడు. "మా బావ పాత స్కూటరురోయ్, కిక్కు కొడితే గానీ స్టార్టవడు" అన్నాడు. బంతి బంతంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ రోజునుంచి ఊరికి అతను కిక్కు. రేషను షాపులో కిక్కు, బస్టాండులో కిక్కు. పిల్లకాయలు కూడా వచ్చి వీపు మీద చరిచి పారిపోయేవారు. ఒకసారి మొహం చిట్లించుకుంటే అత్తగారు సముదాయించింది.

"బావామరుదులన్నాక ఆటలుంటాయి నాయనా. మా వాడికి నువ్వంటే ప్రాణం. ప్రేమ లేకపోతే చెయ్యి వేస్తాడా?"

భార్య మాత్రం అలా అనలేదు. అతను మాట మొదలుపెడితే చేతిలో పని ఆపేది. మొహంలోకి చూస్తే ఇంకా తడబడతాడని కిటికీ వైపు చూస్తూ, మాట పూర్తయ్యేదాకా కాచుకునేది.

ఇక్కడికి వచ్చిన కొత్తలో అతను భయంతో నోరు విప్పలేదు. తర్వాత సంగతి అర్థమైంది. ఇక్కడ పనివాళ్ళందరూ తలా ఒక దేశంనుంచి వచ్చినవాళ్ళు. ఎవరికీ ఈ భాష నోరు తిరగదు. అందరూ ఆగుతారు, తడుముకుంటారు, చేతులు తిప్పుతారు. అతను ఆగితే, పాపం మాట వెతుక్కుంటున్నాడని ఎదుటివాళ్ళు ఆగేవారు. ఊళ్ళో లోపమన్నది ఇక్కడ మర్యాదైపోయింది. రొట్టెల కొట్టువాడు ఆగాడు. బస్సు కండక్టరు ఆగాడు. అతను అద్దెకుండే ఇంటావిడ, ముసలావిడ, ఒక వాక్యం కోసం కూర కింద మంట తగ్గించి మరీ నిలబడింది. జీవితంలో మొదటిసారి అతను అనుకున్నది అనుకున్నట్టు తిన్నాడు, తాగాడు, కాదనాల్సిన చోట కాదన్నాడు.

సొంత దేశం వదిలినవాళ్ళు పరాయి చోట ఎందుకంత సుఖంగా ఉంటారని ఊళ్ళోవాళ్ళు ఆరా తీస్తుంటారు. జీతమంటారు, రోడ్లంటారు, పోనీ కరెంటంటారు. వాళ్ళు పరాయి దేశం గురించే మాట్లాడతారు. తమ గురించి ఒక్కడూ మాట్లాడడు. వాడు పారిపోయింది మన చేతిలోంచేనేమో అని ఒక్కడికీ తోచదు.

రోలరు పక్కన బావమరిదికి పని త్వరగానే వచ్చింది. నోటికే తీరికలేదు.

"నీకేం బావా, దొరలా ఉన్నావు. ఊళ్ళో అందరూ అడుగుతుంటారు, మన కిక్కు ఎలా ఉన్నాడు, ఇంకా అలాగేనా అని."

అతను దుప్పటి మూల వెతికి పట్టుకున్నాడు.

"మాట్లాడవేం? ఇదిగో, కొట్టనా ఒకటి?"

కొట్టాడు. అతని చెయ్యి రోలరు వైపు తూలి, అంచు దగ్గర ఆగింది. వేళ్ళకు సెగ తగిలింది.

"చె... చెయ్యి కాలుతుందిరా."

"చూశావా, పలికావు. ఆటకే కదా బావా."

నాలుగు రోజుల్లో ఆ ఆట అందరికీ వచ్చేసింది. వాడికి భాష రాకపోయినా సైగలు వచ్చు. కాలితో స్కూటరు కిక్కు కొట్టినట్టు చేసి, నోటితో ఇంజను చప్పుడు చేసి, బావ వైపు చెయ్యి చూపించేవాడు. డ్రయ్యర్ల దగ్గరి పొడుగాయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. ఆ పొడుగాయన ఎన్నాళ్ళుగానో అతని పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి. మర్నాడు అతను ఉప్పు అడగబోయి ఆగితే, పొడుగాయన వీపు మీద మెల్లిగా తట్టి "స్టార్ట్" అన్నాడు.

అతనికి తల తీసేసినట్టయింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఇంటావిడతో మాట్లాడబోతే ఒక్క అక్షరమూ పెగల్లేదు. ఆవిడ మంట తగ్గించుకుని ఎప్పటిలాగే నిలబడింది. అతనే తలూపి గదిలోకి వెళ్ళిపోయాడు. ఈ చోటు కూడా పోతే ఇక వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

మరునాడు టీ దగ్గర బావమరిది పక్కన వచ్చి కూర్చున్నాడు. గొంతు మార్చాడు.

"అక్క ఉంటే మనిద్దర్నీ ఇలా ఒకచోట చూసి ఎంత సంబరపడేదో కదా."

అతని చేతిలో గ్లాసు ఆగిపోయింది.

వీడి నోట ఆ మాట వచ్చింది. భార్యను పుట్టింట్లో వదిలి ముందు తనొక్కడే ఇక్కడికి వచ్చాడు. కాగితాలు సిద్ధం కాగానే తెచ్చుకోవాలని. ఈలోపు ఆమెకు జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడింది. అతను ఫోను చేశాడు. ఫోను బావమరిది చేతిలో ఉంది. ఆమె పక్కనే మంచం మీద ఉంది, స్పృహలోనే ఉంది. దానికివ్వు అనడానికి అతని నాలుక తిరగలేదు. దడుపు కొద్దీ ఇంకా బిగుసుకుంది. అటు వార్డులో ఎవరో చుట్టాలున్నారు. వాళ్ళు వినేలా బావమరిది ఫోను స్పీకరులో పెట్టాడు. ద, ద, ద అని అతను కొట్టుకుంటుంటే అటు నవ్వులు వినపడ్డాయి. "కిక్కు కొడదామంటే నా చెయ్యి అంత దూరం అందదు బావా. తీరిగ్గా స్టార్టయ్యాక మళ్ళీ చెయ్యి" అని పెట్టేశాడు. అతను మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. వాళ్ళు ఎత్తేసరికి ఆమెకు మాట పడిపోయింది. అతను విమానం ఎక్కి వెళ్ళేసరికి బూడిద కూడా మిగల్లేదు. తర్వాత అత్తగారే చెప్పింది, ఆ రోజు ఫోను ఇటివ్వరా, ఆయన మాట పూర్తి కానివ్వరా అని అది రెండు చేతులూ చాచి ఏడ్చిందని. చెప్పి, "వాడికేం తెలుసు నాయనా, ఆటకన్నాడు" అంది.

గ్లాసు కింద పెట్టి అతను లేచి వెళ్ళిపోయాడు.

వారం చివర మేనేజరమ్మ ఇద్దర్నీ గాజు గదిలోకి పిలిచింది. లోపలికి వెళ్ళే ముందు బావమరిది అతని చొక్కా మడత సరిచేశాడు.

"బావా, నాకు ఈవిడ భాష ఒక్క ముక్క రాదు. నా నోరు నువ్వే. ఏజెంటుకు పొలం రాసిచ్చి వచ్చాను. పని లేదంటే రోడ్డు మీదే. నువ్వు నాలుగు మంచి ముక్కలు చెప్పు చాలు. కాస్త గబగబా చెప్పు, నాన్చకు."

మేనేజరమ్మ అతని వైపు తిరిగింది.

"ఇతను పని బాగా చేస్తున్నాడు. అందులో వంక లేదు. కానీ రోలరు దగ్గర నిన్ను కొట్టడం ఈ అద్దంలోంచి చూశాను. ఇతన్ని చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. అది మీ ఇద్దరి మధ్య ఆట అయితే, ఇక ఆడొద్దని చెప్పి ఉంచుకుంటాను. ఆట కాకపోతే చెప్పు. నువ్వు చెప్పిందాన్నిబట్టి చేస్తాను."

ఆ ప్రశ్న ఊళ్ళో ఇన్నేళ్ళలో అతన్ని ఒక్కరూ అడగలేదు. ఆట అని వాళ్ళే అన్నారు, వాళ్ళే తీర్పు చెప్పుకున్నారు.

"ఏమంటోంది బావా?" అన్నాడు బావమరిది.

"నీ గు... గురించి చెప్పమంటోంది."

"చెప్పు మరి."

అతను మొదలుపెట్టాడు. మొదటి మాట రావడానికి చాలాసేపు పట్టింది. మేనేజరమ్మ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మాట సాయం చెయ్యలేదు. గడియారం చూడలేదు. బావమరిది చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఆవిడ ఆ చేతి వైపు చూసేసరికి దించుకున్నాడు.

ఆట కాదు, అన్నాడు అతను. తర్వాత పెళ్ళి భోజనాల సంగతి చెప్పాడు. పేరు సంగతి చెప్పాడు. ఆసుపత్రి సంగతి, ఫోను సంగతి, అటునుంచి వినపడ్డ నవ్వుల సంగతి, రెండు చేతులూ చాచి ఏడ్చిన మనిషి సంగతి చెప్పాడు. కన్నతల్లికీ చెప్పుకోనిదంతా పరాయి భాషలో, వచ్చీ రాని మాటల్లో, ఆగి ఆగి చెప్పాడు. తొందరపడలేదు. పొల్లు కలపలేదు. కలపాల్సిన అవసరం లేకపోయింది.

బావమరిది పక్కన నిలబడి ప్రతి మాటకూ తల ఊపాడు. బావ ఇంతసేపు చెబుతున్నాడంటే ఎంత పొగుడుతున్నాడో అనుకున్నాడు. మధ్య మధ్య "యెస్, యెస్" అని నవ్వాడు. చావు మాట వచ్చిన చోట కూడా నవ్వాడు.

మేనేజరమ్మ మొహం రాయిలా అయింది. "నువ్వు చెప్పిందంతా నిజమేనా అని ఇతన్ని అడుగు" అంది.

అతను ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టాడు.

"నేను చెప్పిందంతా ని... నిజమేనా అని అడుగుతోంది నిన్ను."

"అదేం ప్రశ్న బావా. నూటికి నూరుపాళ్ళు నిజమని చెప్పు. కావాలంటే ఇంకా ఉందని చెప్పు." ఆవిడ వైపు తిరిగి, రెండు బొటనవేళ్ళూ ఎత్తి, పళ్ళన్నీ కనపడేలా "యెస్ మేడమ్, యెస్" అన్నాడు.

ఆవిడ లేచి తలుపు తీసి పట్టుకుంది.

బయట వరండాలోకి వచ్చేదాకా బావమరిదికి సంగతి తెలియలేదు. ఏజెంటుకు ఫోను చేస్తారని, సామాను తీసుకోమని అన్నారని అతను చెప్పాడు. ఎందుకని వాడు అడిగితే, తను ఏం చెప్పాడో కూడా చెప్పాడు. ఏదీ దాచలేదు.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నవ్వుతూ నిలబడ్డాను కదా బావా. నాతోనే ఔననిపించావా?"

"అ... అడిగాను కదా. నువ్వే అన్నావు."

"చుట్టానివా, పగవాడివా? పొలం పోయింది బావా. అమ్మకు ఏం చెప్పను? నీ కాళ్ళు పట్టుకుంటాను, లోపలికి వెళ్ళి ఇంకో మాట చెప్పు. పోనీ అక్క మొహం చూసి చెప్పు. అది ఉంటే నన్నిలా పంపించనిచ్చేదా?"

అతను జవాబు చెప్పబోయాడు. "అ..." దగ్గర నాలుక ఆగింది.

బావమరిది చెయ్యెత్తలేదు. మాట అందుకోలేదు, నవ్వలేదు. ఆ దేశంలో వాడి మాట అర్థమయ్యే మనిషి ఇంకొకడు లేడు. అందుకని నోరు తెరుచుకుని, కళ్ళు బావ పెదాల మీదే పెట్టి, ఆ మాట ఎప్పుడొస్తుందా అని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒకరి మాట కోసం కాచుకోవడం అదే మొదలు.

కాసేపటికి నాలుక వదిలింది. చెప్పాల్సిన మాట మొత్తం నోట్లోకి వచ్చి కూర్చుంది.

అతను దాన్ని మింగేసి లోపలికి వెళ్ళాడు. రోలరు దగ్గర పొడుగాయన రెండో మూల పట్టుకుని, అతని కోసం కాచుకుని ఉన్నాడు. అతను ఇవతలి మూల అందుకుని బిర్రుగా లాగాడు.