పదో రోజు శాంపిల్

బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు ధాన్యం అరచేతిలో నలిపి చూడందే తణుకు లోవరాజు సరుకు కొనడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఒంటబట్టిన అలవాటు. భార్య రామతులసి న్యుమోనియాతో రాజమండ్రిలో ఐసీయూ పాలైనా ఆ అలవాటు అతన్ని వదల్లేదు.

పద్దెనిమిదో రోజుకి ఆమె హిమోగ్లోబిన్ ఏడుకి దిగింది. అంతకుముందు రక్తం ఎక్కిస్తే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. అందుకని డాక్టర్ పావని హార్మోను ఇంజెక్షన్ మొదలుపెట్టింది. అది ఎముకల్లోని మూలుగ చేత కొత్త రక్తం చేయిస్తుందట. అందరికీ పనిచేయదనీ, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందనీ చెప్పే సంతకం తీసుకుంది.

మర్నాటి నుంచి లోవరాజు రెండు పూటలా ఒకటే పట్టు. "ఎంతకొచ్చిందో చూడండి." డ్యూటీ డాక్టర్లు మొహమాటానికి రాసిచ్చేవారు.

మందు మొదలెట్టిన నాలుగు రోజులకి 6.8.

"మందు పనిచేయట్లేదండీ! మార్చేయండి," అంటూ పావని గదిలోకి దూసుకెళ్లాడు.

ఆమె రిపోర్టులన్నీ తిరగేసింది. "ఇన్ని టెస్టులు ఎవరు రాయమన్నారండీ?"

"నేనేనండి. చూసుకోవాలి కదండీ."

"ఆ మందుకి కనీసం పది రోజులు పడుతుందండి. ఒకే బస్తాకి రెండు పూటలా గొట్టం గుచ్చితే ఏమవుద్ది లోవరాజు గారూ?"

"తరిగిపోద్దండి," అనేసి, వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఎనిమిదిసార్లు తీయించాడు. మిగతా టెస్టులవీ కలిపితే టీ గ్లాసుడు రక్తం. పుట్టించుకోలేక అల్లాడుతున్న మనిషి దగ్గర.

ఆ రోజు నుంచి అవసరమైన టెస్టులే, అవీ పసిపిల్లలకు వాడే చిన్న ట్యూబుల్లో. లోవరాజు చేతులు కట్టుకుని బయట కూర్చున్నాడు.

"ఏంటండీ, ఇవాళ శాంపిల్ వద్దా?" నర్సు వీరదుర్గ ఆటపట్టించింది.

"సరుకు నాది కాదు కదమ్మా."

పదో రోజు 7.4 వచ్చింది.

"మందు వల్లేనాండీ?"

"జ్వరం తగ్గింది, రక్తం తీయడం తగ్గించాం, మందూ ఉంది. దేని వాటా ఎంతో చెప్పలేనండి."

వాటా తేలని లెక్కకు అతను తలూపడం అదే మొదలు.

ఊపిరి కోసం గొంతులో వేసిన గొట్టం అప్పటికి తీసేశారు. రామతులసి మోచేతి మీది నీలి మచ్చలకేసి చూసుకుంది.

"అందులో సగం నేను పొడిపించినవే," తలొంచుకున్నాడు లోవరాజు.

ఆమె బొంగురు గొంతుతో మెల్లగా అంది.

"కాపురానికొచ్చి ముప్పై ఏళ్లయింది. ఇంకా నమ్మకం కుదర్లేదా?"