ఉత్తరం రాని ఆడవాళ్లు

ఆ శుక్రవారం ఉదయం కొర్రాబిన్ ఫుట్‌బాల్ మైదానం వెనుక, పరీక్ష బండి మెట్ల ముందు నిలబడినవారి వరుస ఇది: మొదట అరవై ఎనిమిదేళ్ల నోలీన్ స్ప్రాట్, ఆమె వెనుక డెబ్బయ్యేడేళ్ల ఎయిల్సా బ్రోడీ, తరువాత వారితోపాటు పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పద్నాలుగు మంది, చిట్టచివర ఆ ఊరి బడికి ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన నేను, మెర్ల్ హాడ్రిక్.

రొమ్ము క్యాన్సర్‌ను ఎక్స్‌రే తీసి కనిపెట్టే ఆ బండి రెండేళ్లకొకసారి వస్తుంది. ఆనాటి సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోతుంది.

ప్రభుత్వం తరఫున బండి నడిపే కంట్రాక్టరు మనిషి తలుపు తెరవకముందే అందరి ఉత్తరాలూ అడిగాడు. ఎయిల్సా దగ్గర లేదు; నాతో సహా మరో ఐదుగురి దగ్గరా లేదు.

"డెబ్బయినాలుగు దాటితే ఉత్తరం రాదమ్మా. ఉత్తరం లేనిదే లోపలికి పంపను."

"మా చెల్లెలు దీంతోనే పోయింది బాబూ."

"రూలంతే."

ఎయిల్సా అతనివైపు చూడలేదు, నావైపు చూసింది. రెండేళ్ల క్రితం ఉత్తరం రాకపోతే ఆమె నన్నే అడిగింది. ప్రమాదం గడిచిపోయింది గనుకనే ప్రభుత్వం రాయడం మానేసిందని, బడి వదిలేటప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినట్టు చెప్పాను. అడిగిన ప్రతి స్త్రీకీ అదే చెప్పాను. నిజానికి ఆ యంత్రపు చల్లని పలక అంటే నాకు వణుకు. నా చదువు నా భయానికి ఒక మంచి వాక్యం సమకూర్చింది, అంతే.

బండి తలుపు మీద అంటించిన ప్రకటన అప్పుడు కనబడింది. పైకి చదివాను: నలభై దాటిన స్త్రీలు ఎవరైనా రావచ్చు.

"అది గోడమీది కాగితం మేడమ్. మా కంపెనీకి ప్రభుత్వం డబ్బు కట్టేది డెబ్బయినాలుగు దాకానే."

"అంటే మా రొమ్ములకి కూడా రిటైర్మెంటు ఇచ్చేశారా?" అని వెనుకనుంచి ఎవరో అన్నారు. ఒకరిద్దరే నవ్వారు.

"మనకి ఉత్తరాలున్నాయిగా. వెళ్లొచ్చాక మాట్లాడదాం," అంది ఒకామె. "బండి పోతే పట్నం మూడొందల కిలోమీటర్లు."

అందరూ నోలీన్‌ను చూశారు. కిందటిసారి ఆమె ఎక్స్‌రేలో నీడ కనబడింది. సూదిపరీక్షలో ఏమీ లేదని తేలినా, ఇకమీద ఒక్కసారి కూడా పరీక్ష మానవద్దన్నారు డాక్టర్లు. ఆమె ఎయిల్సా వైపు తిరిగింది.

"ఏమే ఎయిల్సా, భయమేస్తోందా?"

"చచ్చేంత."

"నాకూ అంతే."

నోలీన్ తన ఉత్తరాన్ని మెట్టుమీద పెట్టి పక్కకు జరిగింది. ఫ్యాక్టరీలో ఎవరినైనా మరుగుదొడ్డికి పోనివ్వకపోతే, పక్కనున్నామె తన టోపీ తీసి డబ్బాలు కదిలే యంత్రపు బెల్టుమీద పెట్టేది. తరువాత అందరి టోపీలూ పడేవి, బెల్టు ఆగేది. అందుకే ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఒకదానిమీద ఒకటిగా పదకొండు ఉత్తరాలు పడ్డాయి. అందరం మెట్లమీద కూర్చున్నాం.

కంట్రాక్టరు మనిషి పోలీసులను పిలుస్తానన్నాడు. ఫోన్లు చేశాడు. మూడింటికి తలుపు తెరిచి, "సరే, రండి. ఎంతమందికి కుదిరితే అంతమందికే," అన్నాడు.

ఉన్నది గంట. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఉత్తరం లేనివాళ్లం ఆరుగురం.

"ముందు వీళ్లు వెళ్లాలి," అంది నోలీన్. "మాకు మళ్లీ ఉత్తరమొస్తుంది. వీళ్లకి రాదు."

ఎయిల్సా మొదట వెళ్లింది. ఆఖరున నేను వెళ్లాను. బయటికి వచ్చేసరికి అతను తలుపుకు తాళం వేశాడు. పదకొండుమంది బండి చక్రాల ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చి ముందు చక్రం దగ్గరున్న నోలీన్‌ను కారెక్కించారు. ఆమె ఖాళీ చేసిన చోట నేను కూర్చున్నాను.

బండి ఆ రాత్రి కదలలేదు. శనివారం పదిమందికి పరీక్షలు జరిగాయి. స్టేషన్లో ఉన్న నోలీన్‌కు జరగలేదు. వచ్చే మంగళవారం ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని పదహారుగురం పట్నం బస్సెక్కుతున్నాం. ముందు ఆసుపత్రికి, అక్కడినుంచి కంట్రాక్టరు ఆఫీసు మెట్లమీదికి.

ఎయిల్సాకు నిన్న కబురు వచ్చింది. బఠాణీ గింజలో సగమంత గడ్డ ఉందట, తొందరగా దొరికిందట.

అందరికంటే ఎక్కువ భయపడవలసిన కారణం ఉండి కూడా, తన వంతును తన చేతులతో వదులుకున్నది శ్రీమతి నోలీన్ స్ప్రాట్ అని కొర్రాబిన్ స్త్రీలమైన మేము కృతజ్ఞతతో ఇక్కడ నమోదు చేస్తున్నాము.