బాలింత కూర్చున్న రోడ్డు

తెల్లవారుజామున చెలమ మీదికి వంగితే మొహానికి చల్లగా తగిలేది.

ఇసక అడుగునుంచి నీళ్లు బుడబుడా ఊరేవి. తోడితే మళ్లీ ఊరేవి... ఎంతమంది తోడినా ఊరేవి. సాల ఆకు మడిచి దొప్ప చేసి, ముంచుకుని తాగితే గొంతు దిగేదాకా తియ్యగా ఉండేవి.

బాగ్‌బేరాలో రైలు యార్డు దాటి, గుట్ట కిందికి దిగితే వాగు. వాగులో చెలమ. కొళాయిని నమ్ముకోలేని ఆడవాళ్లంతా అక్కడికే చేరేవాళ్లు — శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు, గుట్ట మీది హో గిరిజన పల్లెవాళ్లు. ఒకరి మాట ఒకరికి రాదు. బిందె ఎత్తి నెత్తిన పెట్టడానికి మాటలతో పనేముంది?

గుట్ట సర్కారుదట. రోడ్డు వేసేదాకా ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

తవిటమ్మకి ఆ చెలమే నుయ్యి. పుట్టింటి నుయ్యి వదిలేసి, మొగుడి వెంట ఉక్కు కార్ఖానా ఉన్న ఈ ఇనప ఊరికి వచ్చింది. కొడుకు సూర్యాన్ని కన్నాక, పురుడు తీరిన నాడు ఈ చెలమ గట్టుకే పసుపు రాసింది. బొట్టు పెట్టింది. చెంబు ముంచింది.

బాలింత గంగమ్మకి మొక్కి, తన చేత్తో నీళ్లు తోడుకుని వస్తేనే మళ్లీ ఇంటి మనిషి. అందాకా కుండ ముట్టదు, పొయ్యి ముట్టదు. బాగ్‌బేరా తెలుగు ఆడవాళ్ల పురుళ్లన్నీ ఆ చెలమ దగ్గరే తీరాయి.

ఇప్పుడు తవిటమ్మ కోడలు సింహాచలం పురిట్లో ఉంది. తొలి కాన్పు. ఆడపిల్ల.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు అది.

కోడలు కడుపుతో ఉండగానే ముందు రోడ్డు వచ్చింది.

బుల్‌డోజరు సాల చెట్లని వేళ్లతో సహా పక్కకి తోసుకుంటూ వచ్చింది. విస్తరాకులు కుట్టుకునే చెట్లు, నీడనిచ్చే చెట్లు — అడిగేవాళ్లెవరు? వాగు అడ్డొస్తే మట్టి పోసి పూడ్చారు. కింద ఒక తూము వేద్దామని కూడా ఎవరికీ తోచలేదు. ఎర్రదుమ్ము లేచి, ఆరేసిన బట్టల మీద, అన్నం కుండల మీద, పురిటికని సర్దిన గది కిటికీ మీద పడింది.

రోడ్డు వెనకాల డ్రిల్లు వచ్చింది.

గుట్ట కింద బొగ్గుందేమో చూస్తారట. ఉందేమో... ఆ 'ఏమో' కోసం ఇదంతా.

ముందుగా వచ్చిన కూలీలు దాహమన్నారు. తవిటమ్మే చెలమ చూపించింది. దాహమన్నవాడికి నీళ్లు లేవనడం వాళ్ల వైపు లేదు. కూలీలు కడుపునిండా తాగారు, దణ్ణం పెట్టారు. మర్నాడు పైపు తెచ్చి చెలమలో దించారు.

డ్రిల్లుకీ దాహమేనట!

పగలంతా పంపు లాగేది. రాడ్డు భూమిలోకి గరగర దిగేది. తాగిన నీళ్లని డ్రిల్లు బురద చేసి కక్కేది — బూడిదరంగు, జిగటజిగట, డీజిలు కంపు. ఆ బురదంతా పల్లానికి జారి, మళ్లీ చెలమలోకే చేరింది.

సూర్యం ఆ డ్రిల్లు మీదే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. బురద కాళ్లతో ఇంటికి వచ్చి, తల్లి మొహం చూడకుండా కంచం ముందు కూర్చునేవాడు.

"ఆ పైపు నువ్వేనేటిరా దించినావు?"

"క్యా కరూఁ అమ్మా, నౌకరీ హై."

తల్లి తెలుగులో తిడితే కొడుకు హిందీలో దాక్కుంటాడు. తవిటమ్మకి ఒళ్లు మండిపోయింది.

గుట్ట మీద డేరాలో ఉండే ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఉమామహేశ్వర్. తెలుగువాడే. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. మర్యాదకేం లోటు చేయలేదు.

"ఇది ప్రభుత్వ భూమమ్మా. ఎవరి సొంతమూ కాదు. మీకు నష్టమేం లేదు."

"ఎవులిదీ కాదా బాబూ? మరి ఇన్నాళ్లూ తాగినోళ్లం మేమేటి? దెయ్యాలమా?"

అతను నవ్వాడు. ట్యాంకరు పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. ఆ నీళ్లలో తుప్పు వాసన. తర్వాత ట్యాంకరు ఒక రోజు వచ్చి, మూడు రోజులు మానేది.

బొగ్గు దొరకలేదు.

గుట్టంతా బొక్కలు పెట్టారు... దొరకలేదు. పోనీలే, ఇంకోచోట చూద్దాం అనుకున్నారు. ఎంత తేలిక! సామాను లారీలకెక్కించారు. పురుడు పెట్టుకున్న రోజునే బయల్దేరతారని సూర్యం చెప్పాడు.

"ట్యాంకరు కొళాయికి పసుపు రాసేద్దాంలే అమ్మా," అన్నాడు గొణుక్కుంటూ. ఈసారి తెలుగులోనే.

తవిటమ్మ ఇత్తడి చెంబు తీసి చింతపండుతో తోమింది.

పురుడు నాటి పొద్దున్న కోడలికి తలంటి పోసింది. చెవుల్లో దూది పెట్టింది, తలకి గుడ్డ చుట్టింది. పసుపు, కుంకుమ, ఇత్తడి చెంబు. కోడలి చేతుల్లో పసిగుడ్డు. పేరంటాళ్లు వెంట నడిచారు. హో ఆడవాళ్లు ఎందుకో తెలియకపోయినా గుట్ట దిగి వచ్చి కలిశారు.

చెలమ దగ్గర ఆగలేదు. రోడ్డు మీదికి తీసుకెళ్లింది. పూడ్చిన వాగు మీద, నట్టనడుమ పీట వేసి కోడల్ని కూర్చోబెట్టింది.

లారీలు వచ్చాయి. మొదటి డ్రైవరు హారను మీద చెయ్యి వేశాడు. బాలింత మొహం చూసి తీసేశాడు.

ఉమామహేశ్వర్ జీపు దిగి వచ్చాడు. చెవుల్లో దూది చూశాడు, పీట చూశాడు, పసుపు చూశాడు. అర్థమైంది. వాళ్లింట్లో ఆడవాళ్లూ చేసేదే కదా.

"ఏమిటమ్మా ఇది? పచ్చి బాలింతని ఎండలో..."

"నీళ్లు తోడితే గానీ పురుడు తీరదు బాబూ. పురుడు తీరితే గానీ ఇది ఇంట్లోకి రాదు. నుయ్యి నువ్వు పాడు సేసినావు. నువ్వే తోడి ఇయ్యి."

చెంబు అతని చేతికిచ్చింది.

అతను లారీల వైపు చూశాడు. డ్రైవర్లు వేరే వైపు చూస్తున్నారు. సూర్యం మూడో లారీ మీంచి దిగి వచ్చి, అందరి ముందూ పెళ్లాం పక్కన మట్టిలో చతికిలపడ్డాడు. ఈసారి దాక్కోలేదు.

ఉమామహేశ్వర్ రోడ్డు పక్కన చెలమ దగ్గరికి దిగాడు. చెంబు ముంచబోతే మునగలేదు. దోసిలితో ఎత్తి పోశాడు. పైకి వచ్చేసరికి చొక్కా మోచేతుల దాకా బూడిదరంగు.

చెంబులో బురద. పైన నూనె తెట్టె.

"ఇయ్యి బాబూ," అంది తవిటమ్మ. గొంతు పెంచలేదు. "నీ సేత్తోనే ఇయ్యి. గుక్కెడు తాగి గంగమ్మకి మొక్కుతాది. తాగి పిల్లకి పాలియ్యాల గదా."

అతను ఇవ్వలేదు.

కింద పెట్టనూ లేదు. పెడితే తీసేవాళ్లెవరు?

పిల్ల లేచి ఏడ్చింది. సింహాచలం కొంగు కప్పుకుని, ఆ రోడ్డు నడుమనే పాలివ్వడం మొదలుపెట్టింది. వెనకాల లారీల ఇంజన్లు ఒకటొకటిగా ఆగాయి. అతను చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాడు.