మనుషుల పేపరు

విమానం రెక్కలోకి పాక్కుంటూ పోయి బోల్టు బిగించి రాగల పిల్ల శివలీల. ఇంజను చప్పుడులో తేడా వస్తే తల పక్కకు వంచి వినేది. అట్లాంటి పిల్ల మనుషుల పేపరులో రెండుసార్లు తప్పింది.

మనుషుల పేపరు అని పేరు పెట్టింది ఆమె మేనమామ హనుమన్న. విమానాల మెయింటెనెన్సు ఇంజనీరు లైసెన్సు చేతికి రావాలంటే వరసగా పేపర్లు రాస్తూ పోవాలి. కరెంటుదొకటి, ఇంజనుదొకటి, చట్టాలదొకటి. ప్రతిదాంట్లోనూ నూటికి డెబ్బై అయిదు రావాల్సిందే. వాటిల్లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ అని ఒకటుంది. మనిషి అలసిపోతే, తొందరపడితే, పక్కవాడి మాటకు లొంగితే పనిలో ఎట్లా పొరపాటు చేస్తాడో చెప్పే పేపరది. మిగిలినవన్నీ గట్టెక్కిన శివలీలకు అదొక్కటే కొరుకుడు పడలేదు. మొదటిసారి ఒకే ఒక్క ప్రశ్న తగ్గింది. రెండోసారి ప్రశ్నలన్నీ దాటి, చివర వ్యాసం దగ్గర పోయింది. ఎందుకు పోయిందో చెప్పే నాథుడు లేడు. తప్పినట్టు కంప్యూటరులో కనపడింది, అంతే.

"ఇంజను వచ్చునంట, కరెంటు వచ్చునంట, మనుషులు మాత్రం రారంట! ఇదెక్కడి న్యాయమప్పా?" అని హనుమన్న కడపలోని తన బట్టల అంగట్లో చీరలు చూడొచ్చిన వాళ్లందరినీ అడిగాడు. మాధవరం మగ్గాల మీద బావ, అంటే శివలీల నాన్న, ఉమామహేశ్వర నేసే చీరలే ఆ అంగట్లో ఎక్కువ. చీర మడత విప్పుతూ మేనకోడలి మార్కులు చెప్పడం ఆయనకు అలవాటైపోయింది. ఒకనాడైతే కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి కూర్చుంటానన్నాడు.

"కలెక్టరుకూ దీనికీ సంబంధమే లేదు మామా," అంది శివలీల.

"లేకపోతే మనమే కల్పించుకోవాల మే! ఊరికే వస్తాదా సంబంధం?"

మూడోసారి హైదరాబాదులో పరీక్ష, మధ్యాహ్నం పూట. శివలీల ఎప్పటిలా రాత్రి రైలుకు పోదామనుకుంది. హనుమన్న ఒప్పుకోలేదు. విమానాలు బాగుచేసే పిల్ల రైల్లో ఊగుకుంటూ పోయి పరీక్ష రాస్తే మనుషుల పేపరు ఎట్లా వస్తుందని ఆయన వాదన. ఎవరినీ అడక్కుండా పొద్దుటి విమానానికి టికెట్లు తీసేశాడు. తనకొకటి, మేనకోడలికొకటి. నన్ను వదిలిపెట్టి పోతే మీ ఇద్దరితోనూ మాట్లాడనని అవ్వ గురమ్మ భీష్మించుకోవడంతో ఆమెకొకటి.

అప్పుడు బయటపెట్టింది శివలీల, తానింతవరకూ విమానంలో ఎగరలేదని. విమానం ముక్కులో కూర్చుంది, తోకలో పడుకుంది, చక్రాలు ముడుచుకునే గూట్లో ఒళ్లంతా గ్రీజు పూసుకుంది. ఇవన్నీ హ్యాంగరు షెడ్డులో, నేల మీద. గాల్లోకి లేచింది మాత్రం లేదు. ఆమెతో పాటు పనిచేసే వేంపల్లె పిల్లగాడు ఏసుకుమారుదీ అదే కథ. "మనం వంటోళ్లం శివలీలా, బంతిలో కూర్చుని తినేటోళ్లం కాదు," అనేవాడతను. అతనికీ ఆ పేపరొక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నమే అతనూ రాస్తున్నాడు.

కడప విమానాశ్రయంలో మొదటి గొడవ గురమ్మది. ఆమె సంచిలోంచి అడకత్తెర బయటపడింది.

"దీంతో నేనేమన్నా విమానాన్ని కోస్తానా నాయనా? వక్క కోసుకుంటా," అంది గురమ్మ. కాపలా కుర్రాడికి తెలుగు రాదు, అవ్వకు హిందీ రాదు. చివరికి అతను దణ్ణం పెట్టి దాన్ని డబ్బాలో వేసుకున్నాడు. "పదునుగా ఉండాది, వేలు జాగ్రత్త!" అని అవ్వ వేళ్లు ఆడించి సైగ చేసి మరీ కదిలింది. వేరుశనగ పొడి చల్లిన బొరుగుల ఉగ్గాని డబ్బా దక్కినందుకు హనుమన్న సంతోషించాడు.

విమానం చిన్నది, రెండు పంకాలది. మెట్లెక్కుతుంటే శివలీలకు నవ్వు ఆగలేదు. సీట్లో కూర్చున్నాక బెల్టు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది. ఈ గోడ వెనకాల ఏ తీగ పోతుందో, కాళ్ల కింద ఏ గొట్టం ఉందో అవ్వకు చెప్పుకుంటూ పోయింది. అవ్వ అన్నిటికీ తలూపింది. తలుపు మూసే వేళకు ఎవరో వచ్చి అందరినీ కిందికి దిగమన్నారు.

కింద, చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒకామె టైరులో గాటు లోతు కొలుస్తోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో వేలాడే కార్డు మీద హేమావతి అని ఉంది. చిన్న ఊళ్లకు వచ్చే ఆ విమానంతో పాటే తిరిగే ఇంజనీరు ఆమె. ఆమె సంతకం పెడితేనే విమానం కదిలేది.

హనుమన్న వరసలోంచి తప్పుకుని వంగి చూశాడు. "ఇదేనా మేడం? ఈ గీతకా మమ్మల్ని దించినారు? నా మోపెడు టైరు దారాలు బయటికొచ్చినాక గూడ ఏడాది తిరిగినా నేను!"

"మీ మోపెడు నేలమీద పోతాది కదన్నా," అంది ఆమె తల ఎత్తకుండా. మాట తీరు విని హనుమన్న ముఖం వికసించింది.

"మీది యాడమ్మా?"

"కోయిలకుంట్ల. పక్కకు జరగండన్నా, వెలుతురు పడల్యా."

"మనోళ్లే! అయితే చెప్పమ్మా, ఎంత ఎక్కువుండాది?"

"ఉండాల్సిన దానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ."

"వెంట్రుకవాసికేనా? ఈ పిల్లకు మధ్యాహ్నం పరీక్షుండాది తల్లీ! ఇదీ నీ మాదిరే విమానాలు చూసే పిల్లనే. నువ్వు సరేనను, పోదాం!"

అంతలో గురమ్మ కొడుకు చొక్కా పట్టి లాగింది. "ఒరే, అదే గీత సూడకుండా ఎవరో సంతకం పెట్టింటే నువ్వెక్కుతావా?"

హనుమన్న చక్రాన్ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. గొంతు తగ్గించి, "మేడం, అడుగుతానని ఏమనుకోవద్దు. నువ్వు లైసెన్సు పరీక్ష మంచి మార్కులతోనే పాసయినావు కదా?" అన్నాడు.

చుట్టూ ఉన్న ప్రయాణికులు పక్కున నవ్వారు. ఒక్క మార్కు కలిపి పారేస్తే పోదా అని కడపంతా వాదించి తిరిగిన మామ నోట ఆ మాట విని శివలీల నవ్వలేక కడుపు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది.

విమానం పొట్టలోనే అదనపు చక్రం ఒకటుంది. మార్చాలి. అందరూ హాల్లోకి వచ్చి అద్దాలకు ముక్కులానించి నిలబడ్డారు. జాకీ పెట్టారు, పాత చక్రం ఊడదీశారు. "మా పిల్లను పంపియ్యండి, ఒక చెయ్యి వేస్తాది," అని హనుమన్న కనపడిన ప్రతి ఉద్యోగినీ బతిమాలాడు. శివలీల గడియారం చూడటం, అద్దంలోంచి చూడటం, మళ్లీ గడియారం చూడటం. ఈ విమానం తప్పితే ఇక మరో మార్గం లేదు. మళ్లీ నెలల తరబడి ఆగాలి. సంతకం పెట్టెయ్ అక్కా, తొందరగా పెట్టెయ్, అనుకుంది మనసులో. అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకుంది. తాను చదివిన పుస్తకంలో ఇంజనీరు మెడ మీద కూర్చునే మనుషుల గురించి ఒక అధ్యాయమంతా ఉంది. ఇప్పుడు ఆ మెడ మీద కూర్చున్నది తనే. సిగ్గూ, నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి.

హేమావతి మాత్రం తొందరపడలేదు. బిగించింది, మళ్లీ తిరిగి మొదటినుంచీ చూసింది, చేతులు తుడుచుకుంది, అప్పుడు సంతకం పెట్టింది. హాల్లో ఈలలు, చప్పట్లు. ఎవరో హనుమన్న పంచిన ఉగ్గాని తిన్న సంతోషంలో జై అన్నారు.

విమానం పరుగందుకుంది. నేల జారిపోయింది. కింద ధడ్ మని చప్పుడైంది. ముందు సీట్లాయన ఉలిక్కిపడి కళ్లు మూసుకున్నాడు.

"చక్రాలు లోపలికి పోయినాయి! అవ్వా, చక్రాలు ముడుచుకున్నాయి! ఆ మాదిరి గూట్లోనే నేను గ్రీజు పూసుకునింది!" అని శివలీల గట్టిగా అరిచింది. విమానమంతా తిరిగి చూసింది. ఆమె పట్టించుకోలేదు. ఎర్ర చేలూ, నల్లరాతి క్వారీలూ కింద గిర్రున తిరుగుతున్నాయి. దారప్పోగు జారవిడిచినట్టు సన్నగా తెల్లగా పెన్న. "ఇంత నీళ్లకేనా మనం కొట్లాడుకునేది?" అంది గురమ్మ కిటికీకి నుదురానించి. హనుమన్న రెండు చేతులతోనూ ముందు సీటును పట్టుకుని, లోపల దేవుళ్లను పిలుస్తూ, పైకి మాత్రం బాగుందని చెబుతున్నాడు.

నడవా అవతలి సీట్లో హేమావతి కూర్చుంది. "ఏ పేపరు రాస్తాండావు?" అని శివలీలను అడిగింది.

శివలీల సిగ్గుపడుతూ చెప్పింది.

"అదా!" హేమావతి పగలబడి నవ్వింది. "నేను మూడుసార్లు తప్పినా దాంట్లో. మూడోసారి తప్పినాక పుస్తకాన్ని బావిలో ఏస్తానని పోతే మా నాయన వెనకాలే పరుగెత్తుకొచ్చినాడు, నేనే దూకుతానేమోనని."

"అయితే చెప్పక్కా, అది న్యాయమైన పరీక్షేనా? డెబ్బై అయిదుకు ఒక్కటి తగ్గినా లేదంటారే?"

హేమావతి నడవా వైపు వంగింది. "డెబ్బై అయిదు అనే ఆ గీత గట్టిగా ఉండాల్సిందే. ఇందాక సూసినావు కదా, నేనూ వెంట్రుకవాసి ఒదల్లే. అయితే టైరుకు ఎంత గాటుండొచ్చో పుస్తకంలో రాసి పెట్టినారు. కొలిసి ఎవరికైనా సూపియ్యగలను. ఆ వ్యాసానికేముండాది? ఎందుకు తప్పినామో చెప్పరు. ఒక్కో ప్రశ్నకు రెండు జవాబులూ సరైనట్టే ఉంటాయి. గీత గీసినోళ్లు అది యాడుండాదో సూపియ్యొద్దా? నాకు కడుపు మండేది ఆడనే. కష్టంగా ఉన్నందుకు కాదు పాపా."

శివలీలకు రెండేళ్లుగా గొంతులో అడ్డుపడిన ముల్లు ఎవరో తీసి చేతిలో పెట్టినట్టయింది. తనది ఏడుపుగొట్టుతనం కాదు, మామది అమాయకపు ఆవేశమూ కాదు. అడగాల్సిన మాటే, ఇద్దరూ వంకరగా అడిగారు, అంతే.

"వ్యాసం ఎట్లా రాయాలక్కా?"

"బట్టీ పట్టింది రాయొద్దు. ఎవరో ఒక మనిషిని కళ్ల ముందు పెట్టుకో. వానికేమయిందో చెప్పు."

హైదరాబాదులో దిగగానే పరుగు. అందరికన్నా ముందు గురమ్మే. చీర కుచ్చిళ్లు ఎగదోపి, సంచి చంకన పెట్టి, "జరగండి నాయనా, పిల్లకు పరీక్ష!" అని అరుస్తూ సూటుబూట్లవాళ్లను చెరోవైపుకు తోసేసింది. కారులో హనుమన్న కిటికీలోంచి సగం బయటికి వేలాడి, హైదరాబాదు ట్రాఫిక్కునంతా చేతులూపి కడప భాషలో నడిపించాడు. పరీక్ష కేంద్రం గేటు దగ్గర ముగ్గురూ రొప్పుతూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఎందుకమ్మా ఉరుకుడు? ఇంకా మస్తు టైమున్నది," అన్నాడు గేటుమనిషి. ఏసుకుమారు అక్కడే మెట్ల మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు.

లోపల ప్రశ్నలు ఎప్పటిలాగే ఉన్నాయి. కొన్ని తేటగా, కొన్ని రెండు నాలుకలతో. శివలీల వ్యాసం ప్రశ్న కోసం ఆత్రంగా చూసింది. మెడ మీద కూర్చునే ఒత్తిడి గురించి అడిగితే పొద్దున జరిగినదంతా రాసి పారేద్దామని చేతులు దురదపెడుతున్నాయి. ప్రశ్న చూసింది. పనిచేసే చోట చప్పుడు గురించి రాయమన్నారు.

ఆమెకు ఆగని నవ్వొచ్చింది. హాల్లో కాపలా ఉన్నాయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని, మనిషి కోసం వెతికింది. నాన్న కనిపించాడు. వరస మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. బాల్యం నుంచీ ఇంట్లో అందరూ పెదవులు చూసి మాట్లాడుకోవడం, అన్నం తింటావా అని అమ్మ అడిగితే నాన్న దారం తెచ్చిపెట్టడం, పండుగ రోజు మగ్గాలు ఆగితే ఆ నిశ్శబ్దానికి నాన్నకు తల నొప్పెట్టడం. అట్లాంటి మనిషి ఇంజను పక్కన నిలబడి ఒక హెచ్చరికను ఇంకోలా వింటే ఏమవుతుంది? చెవులను ఎట్లా కాపాడాలి, మాటను మళ్లీ తిరిగి ఎందుకు చెప్పించుకోవాలి? కలం ఆగలేదు.

కొన్ని వారాల తరువాత ఫలితం వచ్చేటప్పటికి ఆమె కడపలో ఆటోలో ఉంది. ఫోను చూసి కేక పెట్టింది. ఆటో డ్రైవరు బెదిరి బ్రేకు తొక్కితే వెనక సైకిలాయన వచ్చి గుద్దుకుని, తిట్టబోయి, ఆమె గంతులు చూసి ఏమైందని అడిగాడు. "మనుషుల పేపరు పాసయినా!" అంది. ఆయనకేమీ అర్థం కాలేదు. అయినా శానా సంతోషం తల్లీ అన్నాడు. అంగట్లో హనుమన్న ఆ పూట వచ్చినవాళ్లందరికీ చీర కొన్నా కొనకపోయినా మిఠాయి పెట్టాడు.

సాయంత్రం ఆ అంగట్లోనే కూర్చుని శివలీల ఏసుకుమారుకు ఫోను చేసింది. అతను వ్యాసంలో పోయాడు. ఎప్పటిలాగే కారణం లేదు. అతనే నవ్వాడు. "నువ్వెందుకు మూగపోయినావ్? నాకు మనుషులు రారు, అంతేలే."

"కాదు," అంది శివలీల. "ఎందుకు తప్పినామో అడుగుదాం. రాసిన కాయితం సూపియ్యమని, మార్కులు ఎట్లేసినారో చెప్పమని, అర్జీ పెడదాం. పాసయినోళ్లూ తప్పినోళ్లూ అందరమూ సంతకం పెడదాం. హేమక్క గూడ పెడతాదంట, అడిగినా."

వింటున్న హనుమన్న మిఠాయి పెట్టె మూత పెట్టాడు. "పాసయినాక గూడ కొట్లాటేంది మే?"

"సంబంధం మనమే కల్పించుకోవాల అన్నావు కదా మామా?"

ఆయన అంగడి పీట మీద చీరలు పక్కకు నెట్టి చోటు చేసి, "అయితే గట్టిగా రాయి. రాసినాక ఒకసారి పైకి చదువు, నేను గూడ వింటా," అన్నాడు. ఫోనులో ఏసుకుమారు మొదటి వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. శివలీల అది బాగాలేదంది. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే బయట వీధి దీపాలు వెలిగాయి.